నీలం టెంటులో ముగ్గురం

ఆ టెంటు సంచి మీద ఇద్దరు పడుకునే బొమ్మ ఉంది. బొమ్మ వేసినవాడు మనుషుల్ని ఎప్పుడూ చూసి ఉండడు, లేదా చూసినవాళ్లందరూ జబ్బుపడి లేచినవాళ్లయ్యుండాలి.

దాన్ని నేను హాడో రేవులో, మద్రాసు ఓడ ఎక్కబోతున్న ఒక విదేశీ యాత్రికుడి దగ్గర కొన్నాను. అతను దీవులన్నీ తిరిగి, ఒళ్లంతా దోమకాట్లతో, ఇక మోసే ఓపిక లేక వీపు సంచిలోంచి ఒక్కొక్క వస్తువే తీసి కనిపించినవాళ్లకల్లా చూపిస్తున్నాడు. స్టవ్వుని నాకంటే తెలివైనవాడెవడో ముందే పట్టుకుపోయాడు. నాకు టెంటు మిగిలింది. ధర చెప్పను. చెబితే మీరు నా మీద కాదు, టెంటు మీద జాలిపడతారు.

ఇంటికి తెచ్చి హాలులో వేసి చూశాను. లోపల ఎలాస్టిక్ తాడున్న సన్నటి గొట్టాలు రెండు. వాటిని వంచి బట్టలోకి దూరిస్తే, తాబేలు చిప్పలాగా లేచి కూర్చుంటుంది. ఒక్క పొర నీలం బట్ట. పైన టోపీలాగా ఇంకో చిన్న గుడ్డ. ముందు ఒక జిప్పు, అది సగం దూరం వచ్చి ఆలోచనలో పడుతుంది. మా గవర్నమెంటు క్వార్టర్సు హాలులో టెంటు వేశాక ఇంక హాలంటూ మిగల్లేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, జిప్పులోంచి నా తల ఒక్కటీ బయటికి ఉండటం చూసింది.

"ఏవండీ, ఇంట్లో ఇంకో ఇల్లు కట్టారా?"

"ఒకరోజు అడవిలో పడుకుందామోయ్."

"దేనికి?"

బీయస్సీ జువాలజీ చదివినవాడు అడవిలో పడుకోవాలనుకోవడానికి కారణం అక్కర్లేదని నా ఉద్దేశం. ఆవిడ ఉద్దేశం వేరు. "మన పెద్దవాళ్లు ఈ దీవుల్లో అడవిలోంచి ఇంట్లోకి రావడానికి నానా పాట్లూ పడ్డారు. మీరు తిరుగు ప్రయాణం పెట్టుకుంటున్నారు," అంది.

అప్పుడు వరండా కుర్చీలోంచి మా మావయ్య, "నేనూ వస్తాను," అన్నారు.

మావయ్యంటే ఆవిడ తండ్రి. నాకు ఐదో క్లాసులో లెక్కలు చెప్పిన మాస్టారే, తర్వాత నా లెక్కల తప్పుల్నీ మన్నించి పిల్లనిచ్చారు. రిటైరయ్యాక మా దగ్గరే ఉంటున్నారు. అత్తయ్య పోయి అప్పటికి ఏడాది కాలేదు. పోయినప్పటి నుంచీ ఆయన ఎవర్నీ ఏదీ అడగలేదు. ఒకరోజు మా ఆవిడ కావాలనే ఉప్పు లేకుండా పప్పు వండి పెట్టింది, ఏమంటారో చూద్దామని. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, కుర్చీలో కూర్చున్నారు. అలాంటి మనిషి నోరు తెరిచి వస్తానన్నాక ఇక అడవికి వెళ్లాలా వద్దా అన్న చర్చే లేదు.

"హోప్ టౌన్ వెనక కొండెక్కుదాం," అన్నారు. ఆయన మొదటి ఉద్యోగం హోప్ టౌన్ బళ్లోనే. అత్తయ్యని వైజాగు ఓడలో తీసుకొచ్చి కాపురం పెట్టింది కూడా అక్కడే.

ఆయనతో చిక్కల్లా ఒకటి. పొద్దు వాలితే ఆయనకి కళ్లు పనిచేయవు. రేచీకటి. మా క్వార్టర్సు సందులో కరెంటు స్తంభానికి రెండు మూడుసార్లు నమస్కారం పెట్టగా నేనే చూశాను. ఈ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు. ఆయన ముందు ఎవరూ అనరు. పైగా మా దీవుల్లో పొద్దు తొందరగా వాలుతుంది. మెయిన్‌లాండ్ గడియారం పెట్టుకుని మెయిన్‌లాండ్‌కి అంత తూర్పున బతుకుతున్నాం కాబట్టి, అక్కడివాళ్లు సాయంత్రం టీ తాగే వేళకి మాకు చీకటి.

"నాలుగు దాటాక నాన్నని ఒక్క క్షణం వదలకూడదు," అని మా ఆవిడ షరతు పెట్టింది. నేను ఒప్పుకున్నాను.

ఇక్కడ అత్తయ్య గురించి ఒక ముక్క చెప్పాలి. ఆవిడది సోంపేట వైపు పల్లె. మా తెలుగు చర్చిలో ఆవిడంత గట్టిగా ప్రార్థన చేసేవాళ్లు లేరు. దయ్యాలూ భూతాలూ లేవని, ఉన్నా ప్రభువు ముందు నిలవలేవని ఆడవాళ్ల కూటంలో సాక్ష్యం చెప్పేది. కాని దీపాలు పెట్టిన తర్వాత గుమ్మం బయట ఎవరు పిలిచినా మూడోసారికి గాని పలికేది కాదు. మనుషులు మూడుసార్లు పిలుస్తారట. మనుషులు కానివాటికి అంత ఓపిక ఉండదట. అందువల్ల చీకటి పడ్డాక ఆ ఇంటికి వెళ్లినవాళ్లందరూ గుమ్మం దగ్గర వేలంపాటలాగా ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పిలవాల్సిందే. పాస్టరుగారు కూడా పిలిచేవారు. త్రిత్వం అనుకుని సరిపెట్టుకునేవారు. ఆ నియమం కూతురికి పాలతో పాటే అబ్బింది. "నమ్ముతావా?" అంటే "ఛ," అంటుంది. పాటిస్తావా అని ఎవరూ అడగరు.

శనివారం బయలుదేరి, ఆదివారం ఆరాధనకి అందుకునేలా అనుకున్నాం. చాతాం దగ్గర ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగి, అక్కణ్ణుంచి జీపు. నా వీపు మీది మూట చూసి డ్రైవరు, "సర్వేవాలా హై క్యా భయ్యా?" అన్నాడు. గవర్నమెంటు పంపకుండా ఎవడూ టెంటులో పడుకోడని అతని నమ్మకం. పర్మిషన్ ఇచ్చిన ఫారెస్టు గుమాస్తాకీ అదే నమ్మకం. కాని నాకు తెలిసినవాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

కొండెక్కుతుంటే మావయ్య ముందు నడిచారు. నేను రొప్పుతున్నాను. ఆయన రొప్పడం లేదు. జలగలు కూడా నన్నే ఎంచుకున్నాయి. కొండ మీద నుంచి కాలిబాట అవతలి సముద్రం వైపు దిగుతుంది. ఆ దారిలో ఒకప్పుడు కలప కొట్టేవాళ్ల క్యాంపు ఉండేదట. ఇప్పుడక్కడ చదునుగా కాస్త జాగా, చుట్టూ తల వెనక్కి వాల్చినా కొస కనపడని చెట్లు. ఒక పక్క వాగు. ఇంకో పక్క మొగలి పొదలు.

మావయ్య చేతికర్రతో ఆ పొదల్ని పక్కకి నొక్కి చూపించారు. అవతల నేల లేదు. కోసేసినట్టు ఆగిపోయింది. ఎక్కడో కింద రాళ్ల మీద సముద్రం మెత్తగా దగ్గుతోంది.

"ఇటు రాకండి ఇద్దరూ. గుర్తుపెట్టుకోండి," అన్నారు మాస్టారి గొంతుతో.

టెంటు వేయడానికి సన్నటి మేకులిస్తారు. ఆ అడవిలో నేలంటే వేళ్లే. కొట్టిన ప్రతి మేకూ వంగి నా వైపే చూసింది. చివరికి తాళ్లని చెట్లకి కట్టాను. లోపలికి దూరి చూస్తే బయటి వెలుతురంతా నీలంగా మారి మీద పడుతోంది. నా ఎదురుగా కూర్చున్న మా ఆవిడ మొహం నీళ్లలోంచి తీసిన మొహంలా ఉంది. ఆ మాట పైకి అనలేదు. ఆవిడ మాత్రం నన్ను చూసి, "మీరు మునిగిపోయినవాళ్లలా ఉన్నారు," అంది. పెళ్లయిన కొత్తలో మా ఆలోచనలు అలా కలుస్తుండేవి.

గాలికి ఆ బట్ట లోపలికి అంటుకుని, మళ్లీ బయటికి వెళ్లేది. మేము మాట్లాడనప్పుడు టెంటే ఊపిరి తీస్తున్నట్టుండేది. గోడ ఉందనిపిస్తుంది గాని ఉండదు. ఆకు రాలినా మన చెవిలో రాలుతుంది, ఏ ఆకో మాత్రం కనపడదు. తక్కువ ధర టెంటు గుణమో, అన్ని టెంట్లూ అంతేనో నాకు తెలీదు. నాకు ఇంకో టెంటుతో పరిచయం లేదు.

మా అడవుల్లో పులి లేదు, చిరుత లేదు, ఎలుగుబంటి లేదు. ఉన్నవి జింకలూ పందులూ పాములూ. ఈ ముక్క నేనే దారంతా చెప్పి ఇద్దరికీ ధైర్యం ఇచ్చాను. తర్వాత నాకే అర్థమైంది. ఏదైనా చప్పుడు వినిపిస్తే పులి అని భయపడి ఊరుకునే సౌకర్యం మాకు లేదు.

సన్నగా జల్లు మొదలైంది. మా ఆవిడ టెంటు గుమ్మంలో కిరసనాయిలు స్టవ్వు ముట్టించే పనిలో ఉంది. నేను జిప్పుతో యుద్ధంలో ఉన్నాను. మావయ్య చెంబు తీసుకుని, "మొహం కడుక్కొస్తాను," అని వాగు వైపు నడిచారు. ఆవిడ చూస్తోంది కదా అని నేననుకున్నాను. నేను చూస్తున్నాను కదా అని ఆవిడ అనుకుంది. ఇంకా వెలుగుంది. వాగు కనుచూపు మేరలోనే ఉంది.

జల్లు పెరిగితే స్టవ్వు ఆర్పి లోపలికి జరిగి జిప్పు లాగాం. అప్పుడు చూసుకున్నాం, మేమిద్దరమే ఉన్నామని.

మా దగ్గర పొద్దు వాలదు, పడిపోతుంది. నీలం బట్ట నల్లబడింది. అప్పటిదాకా చెవులు తినేస్తున్న కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి, అన్నీ కలిసి ఒక తీర్మానం చేసుకున్నట్టు.

"ఓ...య్."

వాగు వైపు నుంచి. మావయ్య పిలుపే. ఇంట్లో కూడా అత్తయ్యని అలాగే పిలిచేవారు, దీర్ఘం తీసి చివర తుంచి.

నేను పలకబోయాను. మా ఆవిడ చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది.

"ఒకటి," అంది గుసగుసగా.

ఆ వేళ్ల సందులోంచి, "మీ నాన్నే," అన్నాను.

"గొంతు నాన్నదే ఉంటుంది. తెలీని గొంతుతో పిలిస్తే మీరు పలుకుతారా?"

దీనికి మా కాలేజీలో జవాబు చెప్పలేదు.

కాసేపటికి మళ్లీ, "ఓ...య్." ఈసారి వాగు వైపు కాదు. మా వెనక, కొండ ఎగువన.

"రెండు," అన్నాను ఆశగా.

ఆవిడ తల అడ్డంగా ఊపినట్టు తెలిసింది. నా నోటి మీద చెయ్యి ఇంకా బిగుసుకుంది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి. ఇంకేదో వింటున్నట్టు మెడ ఎటో తిప్పినట్టుంది. తర్వాత, "ఇది వేరే చోటు నించి. మళ్లీ ఒకటే," అంది.

మూడో పిలుపు దిగువ నుంచి వచ్చింది. కాస్త దూరంగా.

"మూడు. లెక్క సరిపోయింది. ఇక నన్ను వదులు."

"ఏవండీ, మూడు చోట్ల నించి మూడు పిలుపులంటే, ముగ్గురు."

ఐదో క్లాసు లెక్కల మాస్టారి కూతురు. నాకు వీపు మీద నీళ్లు పోసినట్టయింది. నిజానికి టెంటు కారుతోంది కూడా.

నా బుద్ధి ఒక వైపు చెబుతూనే ఉంది: ఒక పెద్దాయన, కళ్లు కనపడక, వానలో, దారి తప్పి తిరుగుతున్నాడు. లేచి వెళ్లు. రెండో వైపు నా బుద్ధే ఇంకో ప్రశ్న వేసింది. కళ్లు కనపడనివాడు ఉన్నచోటే ఉండి పదిసార్లు అరుస్తాడు గాని, ఒక్కసారి అరిచి కొండెక్కి, ఇంకోసారి అరిచి కొండ దిగుతాడా? ఈ రెండు వైపులకీ మధ్య నేను, నా నోటి మీద మా ఆవిడ చెయ్యి, మా చుట్టూ ఊపిరి తీస్తున్న ఒక గుడ్డ.

నాలుగో పిలుపు మొగలి పొదల వైపు నుంచి వచ్చింది. సన్నగా. దాని వెనకే సముద్రం దగ్గు వినిపించింది.

ఆవిడ చెయ్యి నా నోటి మీద నుంచి జారిపోయింది. చీకట్లో మొహం కనపడలేదు గాని, ఊపిరి ఆగినట్టు తెలిసింది. అటు నేల లేదు.

"పలుకు," అన్నాను.

"పలికితే?"

"పలక్కపోతే?"

అప్పుడు మా ఆవిడ ఒక పని చేసింది. ఈ దీవుల్లో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యరు. గొంతు మార్చి, చర్చి పాటల్లో ఎత్తుకునేంత ఎత్తున, "కౌన్ హై ఉధర్?" అని అరిచింది.

"హిందీ ఎందుకు?"

"రూలు అమ్మది. అమ్మకి హిందీ రాదు."

నిజమే. ఇన్నేళ్లు ఇక్కడ బతికినా అత్తయ్య కూరగాయల భయ్యాతో కూడా తెలుగే మాట్లాడేది. అతనే నేర్చుకున్నాడు. ఆ నియమంలో హిందీ ప్రస్తావన ఉండే అవకాశం లేదు.

జవాబు రాలేదు. ఇక పిలుపు కూడా రాలేదు. ఆ నిశ్శబ్దంతో పోలిస్తే అంతకు ముందు పిలుపులే నయం. మేమిద్దరం ఒకే విషయం ఆలోచిస్తున్నామని ఇద్దరికీ తెలుసు. కిందపడ్డ చప్పుడు విన్నామా లేదా అని.

నేను లేచాను. జిప్పు సగంలో ఆగింది. తోసుకుని బయటికి వస్తే ఒక తాడు తెగి టెంటు సగం నాతో పాటే వచ్చింది. దాన్ని వదిలించుకుని టార్చి వేశాను. వాన తెరలో అది నా బూట్ల దాకా పోయి ఆగిపోయింది. ఈ టార్చి పట్టుకుని అడవిలోకి వెళితే టెంటు ఎక్కడుందో మాకే తెలీదు. అందుకని మా ఆవిడ టార్చిని టెంటు లోపల, పైకి తిప్పి, మావయ్య తీసుకెళ్లిన చెంబు మూత మీద నిలబెట్టింది. పల్చటి గుడ్డ కదా, టెంటు మొత్తం లోపల్నుంచి నీలంగా వెలిగింది. ఆ వెలుతురుని వీపు వెనక పెట్టుకుని, కాళ్లతో నేల వెతుక్కుంటూ, చెయ్యి చెయ్యి పట్టుకుని మొగలి పొదల వైపు నడిచాం.

పొదలు చేతికి తగిలినచోట ఆగాం. అప్పుడు ఆవిడ పిలిచింది. అరవలేదు. వాళ్ల ఇంటి గుమ్మం దగ్గర నిలబడి పిలిచినట్టు పిలిచింది.

"నాన్నా."

వాన చప్పుడు.

"నాన్నా."

సముద్రం.

ఆవిడ గోళ్లు నా అరచేతిలో దిగాయి. మూడోది పిలవడానికి భయపడుతోందని తెలిసింది. మూడోదానికి కూడా జవాబు రాకపోతే ఇంక పిలవడానికేమీ ఉండదు.

"నాన్నా."

"ఆఁ," అని వినిపించింది. మా మోకాళ్ల ఎత్తులో, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో.

మావయ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒక చెయ్యి మొగలి ఊడని వాటేసుకుని ఉంది. ఒళ్లో చెంబు, నిండా నీళ్లతో. నేను తడుముతూ ఆయన అవతలికి చెయ్యి పెట్టాను. గడ్డి తగిలింది, మట్టి తగిలింది, తర్వాత ఏమీ తగల్లేదు. కింది నుంచి చల్లటి గాలి వేళ్ల సందుల్లోకి వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఇంత దగ్గరుండి ఎందుకు పలకలేదు నాన్నా?"

"మీ అమ్మ ఒప్పుకోదు కదమ్మా, మూడోసారి దాకా."

టెంటులో ముగ్గురం పడుకోవడం కుదరదు. కూర్చున్నాం. మావయ్య మధ్యలో, తువ్వాలు కప్పుకుని. ముగ్గురి ఊపిరికీ లోపలి గోడలు చెమర్చి, చుక్కలు చుక్కలుగా మెడల మీద పడుతున్నాయి. గడియారం చూస్తే ఇంకా భోజనాల వేళ కూడా కాలేదు. ఆయన వణకడం లేదు. నేను వణుకుతున్నాను, ఇద్దరి తరఫునా.

"ఒక్కోచోట నించి ఒక్కోసారి పిలిచారేంటి మావయ్యా?"

"అడవిలో అలాగే పిలవాలి. ఒకచోట ఒక్కసారే. జవాబు రాకపోతే జరిగి, ఇంకోచోట నించి పిలవాలి. అక్కడే నిలబడి రెండోసారి పిలిస్తే వినకూడనివి కూడా వింటాయి. పేరు అసలే పెట్టకూడదు. ఈ క్యాంపులో కలప కొట్టడానికొచ్చిన రాంచీ వాళ్లు నేర్పారు నాకు, ఆ రోజుల్లో."

"అమ్మకెప్పుడూ చెప్పలేదా?" అంది మా ఆవిడ.

"మీ అమ్మని నేను అడవికి ఎప్పుడు తీసుకొచ్చాను? నువ్వు కడుపులో పడ్డావు, హాడోకి ట్రాన్స్‌ఫర్ అయింది. వద్దామనుకుంటూనే..."

ఒకే కప్పు కింద అన్నేళ్లు రెండు నియమాలు కాపురం చేశాయి. రెండు గవర్నమెంటు డిపార్టుమెంట్ల సర్క్యులర్లలాగా ఒకదానికొకటి ఎప్పుడూ ఎదురుపడలేదు. ఎదురుపడటానికి ఈ కొండా, ఈ చీకటీ, నా టెంటూ కావాల్సి వచ్చాయి.

"మరి హిందీలో పిలిచానుగా. అప్పుడైనా..."

"అది నువ్వా?" ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం. "ఎవరో ఆడమనిషి, కీచుగొంతు. ఇక్కడివి హిందీలోనే పిలుస్తాయని క్యాంపులో అనేవారు. ఒకప్పుడు శిక్షపడి ఈ దీవులకొచ్చి ఇక్కడే చచ్చిపోయినవాళ్లు గదా. అది విని ఇంక అడుగు వెయ్యకుండా కూర్చుండిపోయాను. తర్వాత చూస్తే దూరంగా నీలంగా ఏదో కూర్చుని ఉంది, ఊపిరి తీస్తూ. ఊడ పట్టుకుని ప్రార్థన చేసుకున్నాను."

ఇంకో అడుగు వేసి ఉంటే ఏమయ్యేదో ముగ్గురికీ తెలుసు. నేను నవ్వడానికి ప్రయత్నించాను. నీలం వెలుతురులో నవ్వు బాగుండదు, మానేశాను.

"అయినా," అన్నారు మావయ్య, తువ్వాలుతో చెవులు తుడుచుకుంటూ, "మొదట పలికినదానివి, తర్వాత ఎందుకమ్మా మానేశావు?"

"ఎప్పుడు పలికాను?"

"రెండోసారి పిలిచినప్పుడు. నేను కొండ పైన ఉన్నప్పుడు. 'ఆఁ, వస్తున్నా' అన్నావు కదా. అచ్చం మీ అమ్మలాగే అన్నావు. సరే అని ఆ వైపే దిగి వచ్చాను."

"ఏ వైపు?" అని అడిగింది నేనే.

ఆయన చూపించడానికి చెయ్యి చాచారు. వేలు తడి గోడకి తగిలి, బట్ట బయటికి కాస్త సాగింది. అటు మొగలి పొదలు. అవతల సముద్రం. ఆ వేలు తగిలినచోట నుంచి ఒక నీటి చార కిందికి దిగింది.

చదువుకున్నవాడిగా నా బాధ్యత ఉంది. భీమ్‌రాజ్ అని పొడవాటి తోక ఈకల నల్లపిట్ట ఉంటుందనీ, అది ఏ చప్పుడునైనా అనుకరిస్తుందనీ, మనిషి ఈలని కూడా తిరిగి ఈల వేస్తుందనీ వివరంగా చెప్పాను.

"తెలుగులోనా?" అంది మా ఆవిడ.

"పిట్టే అయ్యుంటుందిలే," అన్నారు మావయ్య. ఐదో క్లాసులో నేను తప్పు జవాబు చెబితే కూడా ఆయన అంత మర్యాదగానే తల ఊపేవారు.

నిద్రపోయామని చెప్పను. నీలం మళ్లీ తెల్లగా పల్చబడేదాకా, టెంటు లోపలికీ బయటికీ ఊపిరి తీస్తుంటే వింటూ కూర్చున్నాం. కూర్చున్నంతసేపూ మావయ్య తల ఒక వైపుకే కాస్త వంచి ఉంది.

వెలుగొచ్చాక నేను ఒక్కణ్ణే వెళ్లి చూశాను. మెత్తటి నేల కాబట్టి ఆయన చెప్పుల గుర్తులు వాన తర్వాత కూడా ఉన్నాయి. కళ్లు కనపడనివాడి అడుగులు అటూ ఇటూ తడబడి ఉండాలి, వేళ్లకి తట్టుకుని ఉండాలి. ఎగువ నుంచి పొదల దాకా ఆ అడుగులు కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చాయి. ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించినట్టు. నేను టెంటు మడిచాను. ఈ విషయం ఎవరికీ చెప్పలేదు.

చర్చికి ఆలస్యంగా చేరాం. ఎక్కడికెళ్లారని పాస్టరుగారు అడిగితే మా ఆవిడ, "పిక్నిక్," అంది.

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర మావయ్య, "కూరలో ఉప్పు తక్కువైందమ్మా," అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అత్తయ్య పోయాక ఇదే మొదటిసారి. అడవి గాలి పనిచేసిందని, అంతా మన మంచికే అయిందని నేను ఆవిడతో గుసగుసగా అన్నాను కూడా. ఆవిడ లేచి వెళ్లి ఉప్పు తెచ్చింది.

సాయంత్రం వరండాలో తాడు మీద టెంటు ఆరబెట్టి ఉంది. మావయ్య దాని పక్కన నిలబడి, అంచు పట్టుకుని నలిపి చూస్తున్నారు, బట్టల కొట్లో గుడ్డ చూసినట్టు.

"అల్లుడూ, ఇది నాకు ఇంకోసారి ఇస్తావా?"

"దేనికి మావయ్యా?"

"ఊరికే. వచ్చే శనివారం."

"సరే, నేనూ వస్తాను."

"నువ్వెందుకులే. ఒక్కడికైతే ఇందులో సుఖంగా ఉంటుంది."

లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. మా ఆవిడ బయటికి వచ్చింది.

"మీకు చీకట్లో కనపడదు నాన్నా," అంది. ఆ మాట ఆయన ముందు అనడం ఆ ఇంట్లో అదే మొదలు.

ఆయనకి కోపం రాలేదు. "కనపడక్కర్లేదమ్మా," అన్నారు.

ఆవిడ తాడు మీద నుంచి టెంటు లాగి, గచ్చు మీద కూర్చుని, ఒళ్లో వేసుకుంది. చేతిలో కుట్టుమిషను కత్తెర ఉంది. పైన టోపీ దగ్గర మొదలుపెట్టి, నీలం బట్టని కిందిదాకా కొయ్యడం మొదలుపెట్టింది. పల్చటి గుడ్డ, సులువుగానే తెగుతోంది. మావయ్య కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. వెలుగు పోతోంది, ఆయనకి ఎంతవరకు కనపడిందో తెలీదు. ఆ చప్పుడైతే వినిపిస్తూనే ఉండాలి.

"నేను పలకను కదమ్మా," అన్నారు నెమ్మదిగా. "వింటాను, అంతే."

కత్తెర ఆగింది. ఆవిడ తల ఎత్తలేదు.

"నేనూ విన్నాను నాన్నా," అంది. "అందుకే కోస్తున్నాను."

నాకు మాత్రం ఆ కొండ మీద అలాంటిదేమీ వినపడలేదు. ఎంతైనా నేను అల్లుణ్ణి.